న్యాగోండ్వే పలకరింపు

దేవుని కడప వెంకన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా ఇంట్లో సంగటి కెలుకుతుంటే ఉడికిన పిండి వాసన వచ్చిందంటే చాలు, ముప్పై ఏళ్లు దాటినా, ఫర్వానియాలో ఒక అరబ్బు ఇంట్లో మొక్కజొన్న పిండి కెలుకుతూ న్యాగోండ్వే కళ్లముందుకొస్తారు. ఆ ఇంటికి నేను డ్రైవర్ని, ఆమె వంటమనిషి. ఆఫ్రికాలో మలావీ ఉత్తరాన పెద్ద సరస్సు పక్క మనిషి; వాళ్ల భాష చిటుంబూక. ఆడవాళ్లను వంశం పేరుకు ముందు ‘న్యా’ చేర్చి పిలవడం వాళ్ల మర్యాద. మేం మాట్లాడుకునేది వచ్చీరాని అరబ్బీలో.

ఆమె దగ్గర ఏ పనైనా పలకరింపు తర్వాతే. పొద్దున్నే “అక్కా, టీ” అని దూసుకెళ్తే గరిటె ఆగిపోయేది. ముందు కూర్చోవాలి. “మ్వావుకా ఊలి?” అంటే ఎలా లేచారని ఆమె అడగాలి. “నేను బాగానే లేచాను, మీ సంగతే తెలియదు” అని నేను ప్రశ్న తిరిగి అప్పగించాలి. అప్పుడుగానీ టీ రాదు.

“ఇల్లు తగలబడుతున్నా ఇంతేనా అక్కా?” అని ఓసారి గిల్లాను.

“అప్పుడు తొందరగా అడుగుతాం, మ్వానా,” అన్నారు. మ్వానా అంటే బిడ్డ.

ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక మమ్మల్ని పనికి తెచ్చుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి వెళ్లిపోయింది. మాకు మిగిలింది ఒక పాత కారు. అందులో జోర్డాన్ సరిహద్దుకు పోదామని నీళ్లూ రొట్టెలూ సర్దుకున్నాం. బయలుదేరే పొద్దునే సైనికుడొకడు తుపాకీతో లోపలికొచ్చి, తాళంచెవి త్వరగా ఇమ్మంటూ, “మిఫ్తాహ్! యల్లా!” అని గద్దించాడు.

న్యాగోండ్వే నేలమీద కూర్చుని, అతనికీ చోటు చూపించి, “మ్వావుకా ఊలి?” అన్నారు.

“అక్కా, ఇప్పుడా!” అన్నాను.

“నేనడిగింది అతనికి చెప్పు మ్వానా.”

అరబ్బీలో చెప్పాను. అతను నన్నూ ఆమెనూ మార్చిమార్చి చూశాడు. “నిద్రపోతే కదా, లేవడానికి!” అంటూ కూలబడ్డాడు. టీ తాగాడు. తాళంచెవి నా చేతిలోనే వదిలేశాడు. కారు కదలకపోతే వెనకనుంచి తోశాడు కూడా.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. టీ తాగిన మాట నిజం. తాళంచెవి మాత్రం లాక్కుని కారు పట్టుకుపోయాడు. తోసింది నేను.

“చూసినారా మీ మర్యాద! కారు పాయె, ఇంగెట్ల పోతాం?” అని ఆమె మీద అరిచాను.

ఆమె గ్లాసు కడుగుతూ, “కారు కోసమా నేనడిగింది?” అన్నారు.

కొన్నాళ్లకు కిక్కిరిసిన బస్సులో సరిహద్దు చేరాం. అక్కడ గుడారాల దగ్గర మమ్మల్ని వేర్వేరు వరుసల్లో నిలబెట్టారు. మళ్లీ ఆమెను చూడలేదు. ఇన్నేళ్లూ ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ కారు తిరిగి ఇప్పించి ఆమెను గెలిపిస్తూ వచ్చాను, ఆ గెలుపు ఆమెకు అక్కర్లేదని తెలిసి కూడా. ఇప్పటికీ మా గడప తొక్కినవాళ్లను ముందు కూర్చోబెట్టి, ఎలా లేచారని అడుగుతాను. అడగడం ఎప్పుడో వచ్చింది. జవాబు వినేదాకా ఆగడమే ఇంకా నేర్చుకుంటున్నాను.