కాలిబ్రేషన్ అంకుల్ దిక్సూచి

ఈ గల్ఫ్ దేశంలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మారిన ఆ ఏడాది తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మా చర్చి ఆరాధన వేళల మార్పు కాదు, చెప్పుల్లోకి చేరిన ఇసుక. అప్పటికి నేను రువైస్‌లో రిఫైనరీ కొలత పరికరాలను సరిచూసే ఉద్యోగం ముగించి, షార్జాలో కూతురింట్లో స్థిరపడ్డాను. వయసులో పెద్దవాణ్ణే గాని, పిల్లలకు పాఠం చెప్పే పనిలో మాత్రం నాది పసితనమే. మనుషుల మాట కన్నా ముల్లు చూపే అంకెను నమ్మడం నాకు వృత్తి నేర్పిన అలవాటు. అందుకే మా తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలు నాకు ‘కాలిబ్రేషన్ అంకుల్’ అని పేరు పెట్టారు. (ఎదురుగా పిలిచేటప్పుడు ‘గారు’ చేర్చేవారు. ఆ మాత్రం భక్తి ఉండేది.)

మా సంఘపు యూత్ క్యాంపు ఏటా చలికాలంలో ఎడారి అంచున జరిగేది. మగపిల్లలు గుడారాలు వేసి, మంట రాజేసి, రాత్రి అక్కడే పడుకునేవారు. ఆడపిల్లలు పూసలతో సిలువలు గుచ్చి, శాండ్‌విచ్‌లు చేసి, చీకటి పడకముందే బస్సెక్కేవారు. ఆ ఏడు పాస్టరమ్మగారికి ఓపిక నశించింది. “బ్రదర్ గారూ, మా ఇంటినిండా పూసల సిలువలేనండీ! మన ఆడపిల్లలకి కూడా పనికొచ్చేదేదన్నా నేర్పండి” అన్నారు. సంఘ సెక్రటరీ గారు వెంటనే అడ్డుపడ్డారు. “ఎడారిలో ఎవరన్నా తప్పిపోతే వాళ్ల నాన్నలకి జవాబు మీరు చెప్తారా, నేను చెప్పాలా?” చాలాసేపు వాదించాక ఆయనే ఒక పరీక్ష పెట్టారు. దిబ్బల వెనక తాను ఒక జెండా పాతి కూర్చుంటారు. దాని దిక్కు మాత్రం చెబుతారు. ఆడపిల్లలు దిక్సూచి పట్టుకుని అక్కడికి చేరి, మంట వేసి, టీ కాచి ఇస్తే ఇకమీదట వాళ్లకూ అసలు క్యాంపే. “లేదంటే మళ్లీ పూసలే. ఖలాస్.”

పాఠాలు నేను శ్రద్ధగానే చెప్పాను. నీళ్లు ఎలా పొదుపుగా తాగాలో, బూట్లు దులిపి తేళ్లు లేవని చూసుకుని ఎలా తొడుక్కోవాలో, ప్రార్థనలో ముసుగు వేసుకునే చున్నీలను ముడేసి నీడ ఎలా చేసుకోవాలో నేర్పాను. దారి తప్పినవాళ్లు కదలకూడదనీ, మూడుసార్లు ఈల వేయాలనీ, వెతికేవాళ్లు ఎత్తయిన చోట రంగు గుడ్డ ఎగరేయాలనీ పదేపదే వల్లె వేయించాను. ఫోన్లన్నీ బుట్టలో వేయించాను. (నాది వేయలేదు. నేను పరీక్షకుణ్ణి.)

పరీక్ష రోజు మధ్యాహ్నం, పాస్టరమ్మగారు తోడుగా అందరం బయలుదేరాం. అమ్మాయిలు అరచేతుల్లో దిక్సూచులు పెట్టుకుని, సెక్రటరీ గారు చెప్పిన పడమర దిక్కు చూసి, ఒక పొడవాటి దిబ్బ వైపు తిరిగారు. నా దిక్సూచి మాత్రం వేరే దిబ్బను చూపించింది. అరచేయి వణుకుతుందని, తలం సమంగా ఉండాలని, నేను దాన్ని నా ఫోను తోలు కవరు మీద జాగ్రత్తగా నిలిపి చూశాను. అంత జాగ్రత్త ఆ గుంపులో మరెవరికీ లేదని గర్వపడ్డాను కూడా.

“ఆగండమ్మా. మీది తప్పు.”

“మావన్నీ ఒకటే చూపిస్తున్నాయండీ అంకుల్” అంది కాకినాడ అమ్మాయి. ప్రతిదానికీ వాదిస్తుందని దాన్ని అందరూ లాయరమ్మ అనేవారు.

“ఓట్లు వేసి ఉత్తరాన్ని నిర్ణయించరమ్మా.”

“పొద్దు అటు దిగుతుంది గద అంకుల్! పడమర గటే గద?” అంది పక్కనున్న కరీంనగర్ పిల్ల.

“సూర్యుడిది సుమారు లెక్క. ఇది పరికరం” అన్నాను.

(ఆ వాక్యాన్ని మా అమ్మాయి ఇప్పటికీ భోజనాల దగ్గర వినిపిస్తుంది.)

పాస్టరమ్మగారు ఒక క్షణం నన్నూ, సూర్యుణ్ణీ మార్చి మార్చి చూసి, అమ్మాయిల వెంట వెళ్లారు. వాళ్లకన్నా ముందే చేరి నిరూపిద్దామని నేను ఒంటరిగా నా దారిన పోయాను. ఒక దిబ్బ దాటితే ఇంకో దిబ్బ కనిపించింది. జెండా లేదు. ఎండిపోయిన ఒంటె పేడ మాత్రం ఉంది. ఫోనులో మ్యాపు చూడటం నామోషీ అనిపించింది. ఆ నామోషీని దిగమింగి తెరిస్తే సిగ్నల్ లేదు. కదలకూడదన్న నా సూత్రం గుర్తొచ్చింది గాని, అది పిల్లలకు చెప్పినదే కదా అని ఇంకాస్త నడిచాను. చివరికి ఇసుక మీద బూటు జాడలు కనిపించి, మనుషులున్నారని సంతోషించి వంగి చూస్తే, అవి నావే. అప్పుడు కూర్చున్నాను. నేను ఓడిపోవడం మాట అలా ఉంచి, నన్ను వెతకడంలో పొద్దుపోతే, ఆ అమ్మాయిలకు జీవితమంతా పూసలే గతి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మూడుసార్లు ఈల వేశాను.

కాసేపటికి మూడు ఈలలు బదులొచ్చాయి. తర్వాత దూరంగా ఒక దిబ్బ తలమీద, గుడారపు కర్రకు వరుసగా ముడేసిన చున్నీలు రెపరెపలాడాయి. పసుపు, ఎరుపు, నెమలి రంగు. అంత అందమైన జెండాను నేను ఏ దేశానికీ చూడలేదు.

నేను చేరేసరికి మంట చక్కగా మండుతోంది. సెక్రటరీ గారు టీ గ్లాసుతో దర్జాగా కూర్చున్నారు.

“తప్పిపోతే కదలొద్దని మీరే చెప్తిరి గద అంకుల్?” అంది కరీంనగర్ పిల్ల.

“నేను తప్పిపోలేదమ్మా. పరికరం...”

లాయరమ్మ నా చేతిలోంచి దిక్సూచిని సున్నితంగా ఎత్తింది. కవరు మీంచి లేవగానే ముల్లు గిర్రున తిరిగి పశ్చాత్తాపపడిన పాపిలా ఉత్తరం వైపు నిలిచింది. మళ్లీ కవరు మీద పెట్టింది. మళ్లీ దారి తప్పింది. “ఈ మూత అంటుకోడానికి అయస్కాంతం పెడతారండీ. మా ఫోన్లు మీరే బుట్టలో వేయించారుగా, అందుకే మావి కరెక్టు చూపించాయి” అంది. నన్ను ఓడించిన ఘనత కూడా నాకే ఇచ్చేసిందన్నమాట, మంచి పిల్ల.

సెక్రటరీ గారు గ్లాసు ఖాళీ చేసి, తీర్పు చెప్పారు. “టీలో చక్కెర తక్కువైంది. అయినా పాసయ్యారు. వచ్చే ఏడు పూసలు కొనకండి, గుడారాలకి తాళ్లు కొనండి. ఒక్క షరతు, ఈయన్ని మాత్రం ఒంటరిగా పంపకండి.”

అమ్మాయిలు వేసిన కేకలకు దూరాన మేస్తున్న ఒంటెలు తలెత్తి చూశాయి.

ఇప్పుడు ఆ క్యాంపులో దిక్సూచి పాఠం లాయరమ్మే చెబుతోంది. బుట్టలో పడే మొదటి ఫోను నాది. నేను వెనక వరుసలో కూర్చుని, అరచేతిలో దిక్సూచి పెట్టుకుని, ముల్లును చూసేముందు ఒకసారి తలెత్తి సూర్యుణ్ణి చూస్తాను. ఆయన ఏనాడూ సర్వీసింగుకు రాలేదు. పాపం, ఆ రోజు సూర్యుణ్ణే తప్పుపట్టి ఠీవిగా ఇసుకలోకి నడిచి వెళ్లిన ఆ పెద్దమనిషి కనిపిస్తే, నవ్వకుండా ఉండలేను గాని, వెనకనుంచి ఒక ఈల మాత్రం తప్పకుండా వేస్తాను.