కల్వర్టు దగ్గర ఎడమకు తిరిగిన బస్సు

పన్నెండేళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. మా అమ్మ పోయేదాకా ఆమెకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోంది. నా పేరు రాయను. ఆ రెండు పల్లెల పేర్లు కూడా రాయకూడదనే అనుకుంటున్నాను. చూద్దాం, రాస్తూ రాస్తూ ఎంత ధైర్యం వస్తుందో.

నేను ఒక ఊరి బస్సును దొంగిలించాను. బస్సును కూడా ఎవరైనా దొంగిలిస్తారా అంటారేమో. నేను దొంగిలించాను. అదీ అసెంబ్లీలో, అందరి ముందూ.

ఆ రోజుల్లో తమిళనాడు అంచున ఉన్న హోసూరులో ఒక ఎమ్మెల్యే ఆఫీసులో పని చేసేవాణ్ణి. ఆఫీసంటే బస్టాండు దగ్గర, మందుల షాపు పైన ఒక మేడ గది. ఒక కంప్యూటరు, మొండికేసే ప్రింటరు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. జనం అర్జీలు తెచ్చేవారు. తెలుగులో కొందరు, కన్నడంలో కొందరు, తమిళంలో కొందరు. ఒకే కాగితంలో మూడూ కలిపి రాసినవాళ్ళూ ఉన్నారు. అవన్నీ చదివి తమిళంలో టైపు చేయడం నా పని. అసెంబ్లీ సమావేశాల ముందు వాటిలో కొన్ని ఏరి, మంత్రులను అడిగే ప్రశ్నలుగా మార్చేవాణ్ణి. ప్రశ్నకు ఒక పద్ధతి ఉంది. ఫలానా శాఖ మంత్రిగారు తెలియజేస్తారా అని మొదలు. ప్రభుత్వం తగిన చర్య తీసుకుంటుందా అని చివర. మధ్యలో ఊరి పేరు, కష్టం, కారణం. మనుషుల ఏడుపంతా ఆ నాలుగు వరుసల్లో పట్టించాలి.

ఇప్పటికీ ఆ గది తలచుకుంటే ప్రాణం లేచివస్తుంది. కిందనుంచి షేర్ ఆటోవాళ్ళ కేకలు, కిటికీలోంచి పక్క కొట్లో వడలు కాలే వాసన, పదకొండింటికి వచ్చే టీ. తలపాగా తీసి చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చే రైతులు నన్ను కూడా చిన్న ఎమ్మెల్యేలాగే చూసేవారు. అదే నన్ను పాడుచేసిందా? ఏమో. నా బుద్ధి ముందే పాడై ఉంటే గదిని అనడం ఎందుకు?

అలా మెట్లెక్కి వచ్చినవాడే తిమ్మరాయప్ప. రాగి, టమాటా పండించే మనిషి. బేరిగై దాటిన వెంటనే ఒక కల్వర్టు ఉంది, అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే మా ఊరు. కుడికి పోతే ఆయన ఊరు. రెండూ ఇంచుమించు నాలుగేసి కిలోమీటర్లు. రెంటికీ బస్సు లేదు. హోసూరు నుంచి వచ్చే టౌను బస్సు బేరిగైలోనే తిరిగి వెళ్ళిపోయేది. ఆ బస్సును తమ ఊరిదాకా పొడిగించాలని ఆయన అర్జీ. వాళ్ళ ఊరినుంచి నలభై ఒక్క మంది పిల్లలు బేరిగై హైస్కూలుకు నడిచి వస్తున్నారు. రాగి కోతల కాలంలో ఆ దారిన ఏనుగులు దిగుతాయి, అప్పుడు ఆడపిల్లలను బడి మాన్పిస్తున్నారు. అర్జీ కింద పిల్లలందరూ వరుసగా పేరు, తరగతి రాసి సంతకాలు పెట్టారు. మొదటి సంతకం ఆయన కూతురిది. మంజుల, ఎనిమిదో తరగతి. గుండ్రటి తెలుగు అక్షరాలు. ఆ కాగితం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

అప్పుడు మా అమ్మ రోజూ తెల్లారగానే కొత్తిమీర కట్టలు నెత్తిన పెట్టుకుని బేరిగైకి నడిచేది, హోసూరు మార్కెట్టుకు బస్సు పట్టుకోవడానికి. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఒకటే పాట. "ఎమ్మెల్యే పక్కనే కుర్చీ వేసుకోని కూర్చుంటావంట గదరా, అమ్మకి ఒక బస్సు తెప్పించలేవా?" ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది. అమ్మ మోకాళ్ళ మీద జాలి ఎంత, నా పరువు మీద ప్రేమ ఎంత? ఇన్నేళ్ళు తూచి చూశాను. పరువే ఎక్కువ తూగుతుంది.

మా ఊరికీ వేరే ప్రశ్న పంపవచ్చు కదా అని మీరడుగుతారు. పంపవచ్చు. కానీ డిపోలో పొడిగించడానికి ఉన్నది ఒక్క బస్సే. రెండు ఊళ్ళూ అడిగితే పిల్లలు ఎక్కువ ఉన్న ఊరికే ఇస్తారు. మా ఊరినుంచి హైస్కూలుకు పోయేవాళ్ళు ఆరేడుగురు. ఏనుగులు మా వైపు రావు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసే చేశాను.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ. ఎమ్మెల్యేగారు కింద కారులో కూర్చుని సంతకాల కోసం కాగితాలు పంపమన్నారు. తిమ్మరాయప్ప ప్రశ్న అప్పటికే టైపు చేసి ఉంది. నలభై ఒక్క మంది పిల్లలు ఉన్నారు, ఏనుగుల భయం ఉంది, ఆడపిల్లల చదువు ఉంది. అన్నీ అలాగే ఉంచాను. ఊరి పేరొక్కటే చెరిపి మా ఊరి పేరు కొట్టాను. ఎంతసేపు? ప్రింటరు వేడెక్కేంతసేపు కూడా పట్టలేదు. ఆయన చూడకుండా సంతకం పెట్టారు. నన్ను నమ్మారు మరి.

కొన్ని వారాల తర్వాత డిపో నుంచి ఫోను వచ్చింది. మంత్రిగారి జవాబు కోసం వివరాలు కావాలట. పిల్లల సంఖ్య సరైనదేనా అని అడిగాడు ఆ గుమాస్తా. అప్పుడైనా దిద్దుకోవచ్చు. పేరు తప్పుపడింది సార్ అంటే సరిపోయేది. సరైనదే అన్నాను.

ప్రశ్న ఎంపికైంది. ఎన్నో ప్రశ్నలు పంపుతాం, సభలో నోటితో అడిగే భాగ్యం ఏ కొన్నింటికో దక్కుతుంది. నేనూ మద్రాసు వెళ్ళాను. పాసు తీసుకుని గ్యాలరీలో కూర్చున్నాను. చేతులు కట్టుకుని, కిమ్మనకుండా. ఎమ్మెల్యేగారు లేచి మా ఊరి పేరు పలికారు. పది ఇళ్ళు దాటితే చేలే కనిపించే మా ఊరి పేరు, ఆ ఎత్తయిన కప్పు కింద, మైకులో! మంత్రిగారు కాగితం చూసి చదివారు. ఇంతమంది బిడ్డలు ఏనుగుల భయంతో నడుస్తున్నారని తెలిసి ప్రభుత్వం ఊరుకోదు, బస్సు నడుపుతాం అన్నారు. బల్లలు చరిచారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎందుకు వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గుతో అని చెప్పాలని ఉంది, కానీ అబద్ధం ఇంకెందుకు? సంతోషంతోనే వచ్చాయి.

బస్సు వచ్చిన రోజు! ఎన్ని తప్పులు చేసినా ఆ రోజును మాత్రం నేను ద్వేషించలేను. ముందు అద్దానికి బంతిపూల దండ, మామిడాకులు, గుమ్మడికాయ కొట్టి హారతి. డ్రైవరుకు శాలువా కప్పారు. నాకూ కప్పారు. మా అమ్మ కొత్తిమీర గంపతో ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది, చుట్టూ ఉన్నవాళ్ళకు నన్ను చూపిస్తూ. తప్పెట్లు కొడుతూ బేరిగై వరకు ఊరేగింపుగా వెళ్ళాం. కల్వర్టు గోడ మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. కుడివైపు ఊరి పిల్లలు, బడి సంచులతో. బస్సును చూసి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరి సంతకాలతో ఆ బస్సు కదిలిందో వాళ్ళే చప్పట్లు కొట్టారు. నేను శాలువా సర్దుకుని అటువైపు కిటికీలోంచి చూడకుండా కూర్చున్నాను.

ఆ తర్వాత వారంలో తిమ్మరాయప్ప ఆఫీసుకు వచ్చాడు. చేతిలో గోనెసంచి, నిండా అనపకాయలు. ఆ రోజు మా మధ్య జరిగిన మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"ఏమప్పా, మీ ఊరికి బస్సు వచ్చిందంట. శానా సంతోషం. మాది ఏమాయె?"

"రెండూ అడిగినారన్నా. మంత్రి ఒకదానికే ఒప్పుకున్నాడు."

"మాదీ అడిగినారా? అసెంబ్లీలోనా?"

"అడిగినారన్నా."

"మా ఊరి పేరు పలికినారా? ఆడ, అంతమంది పెద్దోళ్ళ ముందర?"

"పలికినారు."

"తప్పుల్లేకుండా పలికినారా? మా ఊరి పేరు మద్రాసోళ్ళకి నోరు తిరగదే!"

"బాగా పలికినారన్నా. నేను గ్యాలరీలోనే ఉన్నా. నా చెవులతో విన్నాను."

ఆయన సంచి నా బల్ల పక్కన పెట్టాడు.

"అది చాలప్పా. మా తాత కాలం నుంచి మా ఊరి పేరు యాడా ఎవురూ పలికింది లేదు. బస్సు ఈపొద్దు గాకపోతే రేపు వస్తుంది. నువ్వు అడిగించినావు, అది మరిచిపోము. ఈ కాయలు అమ్మకి ఇవ్వు."

ఆ రాత్రి అమ్మ ఆ అనపగింజలు నానబెట్టి, మరునాడు పితికి, కూర చేసింది. రాగి సంగటిలోకి ప్రపంచంలో దానికి మించింది లేదనేవాణ్ణి నేను. ఆ రోజు నా గిన్నెలోది అమ్మ గిన్నెలోకి వంచేశాను.

బస్సు రేపూ రాలేదు. తిమ్మరాయప్ప వదల్లేదు. కృష్ణగిరి కలెక్టరాఫీసులో సోమవారం అర్జీల రోజు, అక్కడికి వెళ్ళాడు. ఆ అర్జీ టైపు చేసిందీ నేనే, ఆయన నావైపు నమ్మకంగా చూస్తూ కూర్చుంటే. జవాబు వచ్చింది: ఆ ప్రాంతంలో బడిపిల్లల ఇబ్బంది అసెంబ్లీలోనే ప్రస్తావనకు వచ్చింది, బస్సు కూడా వేయడం జరిగింది, వేరే బస్సు అవసరం లేదు. నేను మార్చిన ఆ ఒక్క పేరు కాగితాల్లో ఎంత దూరం పాకిందో అప్పుడు తెలిసింది. ఆ నలభై ఒక్క మందికీ ప్రభుత్వం లెక్కలో బస్సు వచ్చేసింది. ఇక వాళ్ళు ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఆ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. పిల్లలు ఎవరో, ఊరు ఏదో వివరించలేదు. ఆయనా అడగలేదు.

మరుసటి కోతల కాలంలో ఏనుగులు ఆ దారిలో నాలుగు రోజులు తిష్ఠ వేశాయి. మంజులను బడి మాన్పించారు. తొమ్మిదో తరగతి సగంలో. మళ్ళీ పంపలేదు.

తర్వాత ఎన్నికలు వచ్చాయి, ఎమ్మెల్యేగారు ఓడిపోయారు, మేడగది ఖాళీ చేశాం. నేను తాలూకాఫీసు దగ్గర జెరాక్సు షాపు పెట్టుకుని, అర్జీలు రాస్తూ బతుకుతున్నాను. అమ్మ పోయింది. మా ఊరి బస్సు ఇంకా నడుస్తోంది, ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు కూడా లేదు. తిమ్మరాయప్ప మాత్రం ఏటా చలి మొదలయ్యాక అనపకాయల సంచితో వచ్చేవాడు. వద్దంటే వినడు. తిట్టి పంపిస్తే బాగుండేది. ఒక్కసారైనా అనుమానపడి ఉంటే, గట్టిగా కాలరు పట్టుకుని ఉంటే నేను చెప్పేసి ఉందునా? అదీ నమ్మకం లేదు.

ఈ ఏడాది ఆయన రాలేదు. ఒక పెద్దామె, కంపెనీ యూనిఫాం చీర కట్టుకుని, మెడలో ఐడీ కార్డుతో, సంచి మోసుకుని షాపు మెట్లెక్కింది. పెద్దామె అన్నాను గానీ ఇరవై ఐదు దాటి ఉండవు, మొహం అలా అలిసిపోయి ఉంది. "నేను మంజులను సార్, తిమ్మరాయప్ప కూతుర్ని. నాయనకి మోకాళ్ళు పట్టేసినాయి, లేయలేడు. మీకు ఇచ్చి రమ్మన్నాడు," అంది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తుందట. కంపెనీ బస్సు ఇప్పుడు వాళ్ళ ఊరిదాకా వస్తుందట, తెల్లారుజామున ఆడపిల్లలను ఎక్కించుకోవడానికి. వెళ్ళబోతూ ఆగి నవ్వింది. "నా కొడుక్కి కూడా నాయన అదే కత చెప్తాడు సార్. మన ఊరి పేరు మద్రాసులో పలికినారురా అని."

చెప్పాలని నోరు తెరిచాను. టీ తాగుతావా అమ్మా అన్నాను. షిఫ్టుకు టైమైందని వెళ్ళిపోయింది.

సంచి ఇంకా షాపులోనే ఉంది, విప్పలేదు. ఆమెను, ఆయనను క్షమించమని అడగను. అడిగితే వాళ్ళు క్షమిస్తారు, ఆ మనుషులు అలాంటివాళ్ళు, అప్పుడు బస్సులాగే ఆ క్షమ కూడా వాళ్ళ దగ్గర నేనే పుచ్చుకోవడం అవుతుంది. ఈ రోజు షట్టరు సగం దించి కంప్యూటరు ముందు కూర్చున్నాను. పన్నెండేళ్ళ కింద టైపు చేసినట్టే, అదే పద్ధతిలో, ఆ ప్రశ్నను మళ్ళీ టైపు చేశాను. ఆ పల్లెల పేర్లు రాయనని మీకు చెప్పాను కదా. ఒక్కటి రాస్తాను.

రవాణా శాఖ మంత్రిగారు తెలియజేస్తారా: బేరిగై దాటాక కల్వర్టు దగ్గర కుడివైపు ఉన్న ఎర్రముత్తనదొడ్డి గ్రామం నుంచి నలభై ఒక్క మంది పిల్లలు ఏనుగుల భయంతో హైస్కూలుకు నడిచి వస్తున్నారు. టౌను బస్సును ఎర్రముత్తనదొడ్డి వరకు పొడిగించడానికి ప్రభుత్వం తగిన చర్య తీసుకుంటుందా?

టైపు చేసి, షాపులో ఎవరూ లేరని చూసుకుని, ఆ పేరు ఒకసారి పైకి చదివాను. తప్పుల్లేకుండానే పలికాను.