సాయంత్రం లైటు వేసిన మనిషి

మా ఇంటికి కరెంటు పని చేసిన బాబాయ్ పోయిన నెలలో చనిపోయారు. నేను బ్యాంకుకు బయల్దేరుతుంటే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున మొహం కడుక్కుంటూ గుండె పట్టుకుని కూలబడ్డారట. ఆ మాట వినగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. 'ఇక మా టైమర్ సంగతి ఎవరు చూస్తారు?' అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాతే, శామీర్‌పేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక వచ్చింది. పక్కనున్నావిడ ఎవరు పోయారమ్మా అని అడిగితే ఏమని చెప్పాలో తెలియలేదు. మా ఎలక్ట్రీషియన్ అంటే ఇంత ఏడుపు దేనికని అనుకుంటుంది కదా.

బాబాయ్ అన్నాను గానీ మాకు చుట్టం కాదు. జీడిమెట్లలో ఏదో మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కరెంటు పని చేసి రిటైరయ్యారు. వాళ్లది శామీర్‌పేట పక్కనే చిన్న ఊరు. మేమేమో గుంటూరు వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో ఇల్లు కొనుక్కున్నవాళ్లం. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. అమ్మ ఆయన్ని 'అన్నయ్యగారూ' అనేది, ఆయన అమ్మను 'అక్కా' అనేవారు. ఇద్దరిలో ఎవరు పెద్దో చివరిదాకా తేలలేదు.

ఆయన మా ఇంటికి రావడానికి నా తెలివితక్కువతనమే కారణం. ట్యూబులైట్లన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టిద్దామని, ఫోన్లో చూసి చవకగా ఉన్న బల్బులూ, వెలుతురు తగ్గించుకునే నాలుగు డిమ్మర్లూ తెప్పించాను. వీధి చివర కుర్రాడెవరో బిగించి వెళ్లాడు. డిమ్మర్ కాస్త తగ్గించామా, హాల్లో లైట్లన్నీ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టేవి. ఎవరో చెబితే బాబాయ్‌ని పిలిచాను. వచ్చి, ఒకసారి తిప్పి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వారు.

"ఏంది బిడ్డా గిది, ఇల్లా, డీజే బండా? డిమ్మర్‌కు తగ్గే బల్బులు వేరే ఉంటయి. నువ్వు తెచ్చినయి వెలుగుడో ఆరుడో, నడ్మ ఇంకోటి రాదు వాటికి."

అప్పటికి అమ్మకు కంటి ఆపరేషనై ఆరు నెలలు. తెల్లటి వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోందని ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆయన పసుపు వెలుతురు బల్బులు తెచ్చి, అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, డిమ్మర్ మెల్లగా తిప్పుతూ "ఇప్పుడెట్లుందక్కా? ఇప్పుడు?" అని ఓపిగ్గా అడిగారు. అమ్మ చెయ్యి దించినచోట ఆపి, అక్కడ నా గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టారు. "ఇల్లంత వెలగాలంటరు అందరు. మనిషి కూసున్న కాడ వెలిగితే సాలు" అన్నారు. పని అయ్యాక గోడ మీద తన వేలిముద్రలు తువ్వాలుతో తుడిచేవారు. ఏ ఇంట్లోనైనా కొత్త లైటు మొదటిసారి వెలగగానే చెప్పులు లేని కాళ్లతో నిలబడి ఒక దణ్ణం పెట్టేవారు.

అసలు పేచీ టైమర్ దగ్గర వచ్చింది. హాల్లో లైటు సాయంత్రం ఆరున్నరకు తనంతట తాను వెలిగేలా పెట్టించాను. నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, అమ్మ చీకట్లో తడుముకోకూడదని. అమ్మ ఒప్పుకోలేదు. సంధ్యవేళ తన చేత్తో లైటు వేసి, దానికి దణ్ణం పెట్టుకోవడం ఆవిడకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు.

"ఎవరూ వేయకుండా వెలిగితే అది నేను పెట్టిన దీపం ఎలా అవుతుంది అన్నయ్యగారూ?"

"వెలుతురు వచ్చిందా లేదా అమ్మా?" అని నేను విసుక్కున్నాను.

"నువ్వుండు బిడ్డా. అక్క చెప్పింది కరెక్టే" అన్నారాయన.

రెండు రోజుల తర్వాత కాలింగ్ బెల్ బటన్ లాంటిది ఒకటి తెచ్చి, అమ్మ కుర్చీకి నాలుగడుగుల దూరంలో గోడకు బిగించారు. అమ్మ నొక్కితే లైటు వెలుగుతుంది, పడుకునే వేళకు అదే ఆరిపోతుంది. అమ్మ మొహం విప్పారింది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నాతో మాత్రం నెమ్మదిగా చెప్పారు. "ఒకవేళ మర్శిపోతే ఆరున్నరకు టైమరే ఏస్తది. అక్కకు చెప్పకు." నేను తలూపి, ఆ సంగతి మరిచిపోయాను.

ఆ తర్వాత కూడా నెలకోసారైనా, ఫోన్ చేయకుండా, సరిగ్గా పొద్దుగూకే వేళకే మోపెడ్ మీద వచ్చేవారు. టైమర్ చూసి పోతాననేవారు. దాన్ని చూడ్డానికి ఏముంది, అమ్మ పెట్టే అల్లం టీ కోసం కాకపోతే, అని నవ్వుకునేదాన్ని. ఒకసారి నేను వచ్చేదాకా కూర్చుని ఉన్నారు. గ్లాసు చేతిలో తిప్పుతూ, "బిడ్డా, సాయంత్రం జర జల్దీ రారాదు ఇంటికి?" అన్నారు. "మా బ్యాంకు మీరొచ్చి మూయిస్తారా బాబాయ్?" అన్నాను. ఆయన నవ్వి, టీ తాగేసి వెళ్లిపోయారు.

ఆయన పోయిన రెండు వారాలకు మా కాలనీలో ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. పొద్దున పోయిన కరెంటు నాలుగింటికి వచ్చిందట. నేను ఏడింటికి వచ్చేసరికి వీధంతా వెలుగుతోంది, మా ఇల్లొక్కటే చీకటి. తలుపు తీస్తే అమ్మ కుర్చీలో కూర్చుని, వెలగని లైటు వైపు చూస్తూ చేతులు జోడించి ఉంది.

"ఏంటమ్మా చీకట్లో?"

"చీకటేంటే? లైటేశాగా."

బటన్ నొక్కాను. లైటు వెంటనే వెలిగింది. బటన్‌కేమీ కాలేదు. గేటు దగ్గర బాబాయ్ చెప్పింది అప్పుడు గుర్తొచ్చి, మీటరు పక్కన టైమర్ ఉన్న పెట్టె తెరిస్తే, అందులో గడియారం సున్నాలు చూపిస్తోంది. అందులోని చిన్న బ్యాటరీ అయిపోయి, కరెంటు పోగానే టైము మరిచిపోయింది. అంటే ఇన్నాళ్లూ మా ఇంట్లో లైటు వేసింది అమ్మ కాదు. ఎన్నాళ్ల నుంచి?

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్యను నేను చిన్నమ్మా అంటాను. ఆవిడ నా మాట పూర్తిగా విని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎర్కలేకేం బిడ్డా, ఆయనకు ఎర్కే. 'అక్క బటన్ కాడికి పోతలేదు, దండమైతే పెడ్తాంది' అని నాతోని అన్నడు. ఆమె శీకట్ల కూసుంటదని టైమర్‌ను ఆరింటికి జరిపొచ్చిండు."

"నాకెందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

"చెప్తననే పోతుండె. టీ తాగి వస్తుండె. నోరు రాలేదంటుండె."

ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది, దాచను. ముందే చెప్పి ఉంటే ముందే ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని. మళ్లీ బస్సెక్కాక ఇంకోలా అనిపించింది. చెప్పి ఉంటే నేను అమ్మను ఆ రోజు నుంచే రోగిని చేసేదాన్ని. ఆయన మాట దాచబట్టే అమ్మ ఇంకొన్నాళ్లు ఇంటి దీపం పెట్టే మనిషిగా ఉంది. ఆయన చేసింది తప్పో మేలో నాకిప్పటికీ తెలియడం లేదు. తెలిశాక రాద్దామనుకుంటే ఈ నాలుగు మాటలూ ఎప్పటికీ రాయలేనేమో. అందుకే ఇలా తికమకలోనే, బాబాయ్, మీకు నా కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు అమ్మను డాక్టరుకు చూపిస్తున్నాను. డాక్టరమ్మ మొదట అడిగింది, "ఈ మరుపు ఎప్పటి నుంచి ఉంది?" అని. అది తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు లేరు.

టైమర్ మళ్లీ పెట్టించలేదు. బ్యాంకులో బతిమాలుకుని గంట ముందు బయటపడుతున్నాను. నిన్న ఆరింటికే ఇల్లు చేరి, అమ్మను లేపి గోడ దగ్గరికి నడిపించి, ఆవిడ వేలు పట్టుకుని బటన్ మీద పెట్టాను. లైటు వెలిగింది. అమ్మ రెండు చేతులూ జోడించింది. లైటు వైపు కాదు, నా వైపు తిరిగి.

"చాలా శ్రమ తీసుకున్నారండీ" అంది.

ఏం చేయాలో తోచక, నేనూ చేతులు జోడించాను.