మల్లెలు ఎక్కిన కారు

మా ఆయన ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే యాకుత్‌పురా నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు కారులో వెళ్లి మా కొట్టుకు పూలు తెచ్చేవారు. ఆ ఒక్కరోజు కారు మా అబ్బాయిది. శనివారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, ఇద్దరి మైలేజీ వేరువేరుగా లెక్క కట్టేదాన్ని. షోరూములో లీటరుకు ఇరవై రెండన్నారు. అబ్బాయికి పదహారు వచ్చేది. మా ఆయనకు పన్నెండు దాటేది కాదు.

"బాపుకు గేర్లు వెయ్యనీకి వస్తలేదమ్మా. డెబ్బై ఏండ్లొచ్చినయ్, ఇగ చాబి నాకియ్యమను" అనేవాడు అబ్బాయి.

"నాకే నేర్పుతవారా?" అంటూ ఆయన తాళంచెవి జేబులో వేసుకునేవారు.

ఈ లొల్లి విని విని అలసిపోయాను. "ఈ వారం పూలకు నువ్వే పో" అని వాడినే పంపాను.

తిరిగొచ్చేటప్పుడు మల్లెలు వాడిపోకుండా అద్దాలు మూసి ఏసీ ఎక్కువగా పెట్టాలి. జామ్‌లో కారు కదలకపోయినా ఇంజను ఆపకూడదు. ఆదివారం ఖాళీ కారులో తిరిగేవాడికి ఆ సంగతి ఆ వారమే తెలిసింది.

శనివారం లెక్క కట్టాను. పదకొండున్నర వచ్చింది.

"ఏందిరా, నీకు గూడ గేర్లు వస్తలేవా?" అని నవ్వారు మా ఆయన.

అబ్బాయి తాళంచెవి తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని మళ్లీ వాడివైపే జరిపారు.

"నువ్వే ఉంచుకో బిడ్డా. ఈ వారం నాకు మోకాళ్లు నొప్పి పెట్టలే."