పదహారు గళ్ళ గురువు

గళ్ళ గురువుకి గుండ్రం గిట్టదు. తెలుగు అక్షరాలు గీసి పొట్టపోసుకునేవాడికి గుండ్రం గిట్టకపోవడమంటే చేపకి నీళ్ళు పడకపోవడమే. డిజైన్ షాపులో ఏ పని అప్పగించినా పాతకాలపు వీడియో గేముల్లోలాగా చదరపు గళ్ళు పేర్చి అక్షరం కట్టేవాడు. ఎత్తు పదహారు గళ్ళు. పదిహేడోది పెట్టమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చూసేవాడు. షాపు యజమానురాలికి అతన్ని చూస్తేనే ఒళ్ళు మండేది.

అతను గీసిన శుభలేఖ చూసి ఒక పెళ్ళికూతురి తండ్రి చిందులేశాడు. “ఇది శుభలేఖా, ఇటుకల బట్టీయా? మా అమ్మాయి పేరేదయ్యా?”

గురువు మొహం వెలిగిపోయింది. “ఏ అక్షరం దగ్గర ఆగారండీ?” అని నోటుపుస్తకం తీశాడు. తిట్టడానికొచ్చినవాడికి కుర్చీ వేసి మరీ తిట్లు రాసుకునే వెర్రిమాలోకాన్ని యజమానురాలు ఇంకెక్కడా చూడలేదు.

కళ్ళ డాక్టరైతే, “ఈ బోర్డు పెడితే బాగున్న కళ్ళూ పోతాయి!” అన్నాడు.

“ఏ అక్షరం దగ్గరండీ?”

డాక్టరు వెళ్ళాక ఆమె విరుచుకుపడింది. “ఆటల పోస్టరుకీ, పాత పాటల కచేరీకీ ఈ గళ్ళు ముద్దొస్తాయి, కాదనను. సంతాపం కార్డుకి కూడానా? బుర్రుందా నీకు?”

“ఉందండీ. ఆ కార్డులో ‘ఘ’ తెలిసిందా మీకు?”

“నా తలకాయ తెలిసింది!”

షాపు పెట్టింది ఆమె తండ్రి. చేయి తిరిగిన బోర్డు పెయింటరు. గొంతు ఆపరేషనయ్యాక ఏడాదిగా మాట లేదు. చేతి వణుకుతో కలం పట్టలేడు, ఫోన్లో ఒక అక్షరం నొక్కితే నాలుగు పడతాయి. పొద్దస్తమానం మూల కుర్చీలో కూర్చుని గురువు గళ్ళే చూస్తుండేవాడు. ముసలాయన కాలక్షేపానికైనా పనికొస్తున్నాడులెమ్మని ఆమె పళ్ళబిగువున ఓర్చుకుంది.

ఇంతలో పెద్ద బేకరీ వాళ్ళ బోర్డు పని వచ్చింది. “ఒక్క గడి కనబడిందా, నీ ఉద్యోగం ఊడినట్టే,” అందామె. కనబడింది. బోర్డు నిండా కనబడింది.

బేకరీ యజమాని గడగడా చదివి మొహం చిట్లించాడు. “దరిద్రంగా ఉంది.”

“ఎక్కడా ఆగలేదాండీ?”

“ఆగలేదు. దరిద్రంగా ఉందంటున్నా!”

“అయిపోయింది!” అని గురువు గంతేశాడు.

“నువ్వూ అయిపోయావు. నడు బయటికి!” అందామె.

గురువు బయటికి నడవలేదు. సంచిలోంచి ఒక పెట్టె తీసి ముసలాయన ఒళ్ళో పెట్టాడు. దానికి వణికే వేలు కూడా తప్పిపోని వెడల్పాటి అక్షరాల మీటలు, వేలెడు తెర. “ఈ తెరకి నిలువునా పదహారే చుక్కలండీ. అమ్మినవాళ్ళు తెలుగు పట్టదన్నారు. అక్షరాలన్నీ గీసి ఎక్కించాను. ముందే చెబితే జాలిపడి బాగుందంటారు. అందుకే చెప్పకుండా అందరిచేతా చదివించి, వాళ్ళు ఆగిన అక్షరమల్లా దిద్దాను.”

ఆమెకి సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. తండ్రి వణికే వేళ్ళతో ఒక్కో మీటా నొక్కుతుంటే, ఏడాది తర్వాత వినబోయే మాట కోసం వంగి చూసింది.

“కాఫీలో చక్కెర వెయ్యవే. ఏడాదిగా చేదు తాగలేక చస్తున్నా.”

ఆమె పకపకా నవ్వి కాఫీ పెట్టడానికి లేచింది.

“నేను ఉండనా, వెళ్ళనాండీ?” అన్నాడు గురువు.

“కూర్చో. కాఫీ తాగి, ఆ బేకరీ బోర్డు మాత్రం గుండ్రంగా రాసి చావు.”