కునుకు మీద పరిశోధన

ఆఫీసులో అందరూ ఆమెను ప్రశ్నమ్మ అనేవారు. దేశ రక్షణ కోసం చేయాల్సిన పరిశోధనల్లో ఏది ముందు, ఏది వెనక అని తేల్చే విభాగంలో ఆమె ఉద్యోగం. ఎవరు ఏ ఆయుధం గురించి ఊదరగొట్టినా చివరిదాకా విని, "బాగుందండీ. మరి దాన్ని వాడే మనిషి సంగతేంటి?" అని అడిగేది. ఆ ప్రశ్నతో ఎంతటి ఉపన్యాసమైనా గాలి తీసిన బెలూనే.

ఇంట్లో మాత్రం ప్రశ్నలన్నీ అత్తగారివి.

"నువ్వు చేసే పనేంటో చెప్పవే. పక్కింటావిడ అడుగుతోంది."

"చెప్పకూడదు అత్తయ్యా."

"పోనీ, మీ క్యాంటీన్లో ఏం పెడతారో అదైనా చెప్పు."

"అది చెప్పే ధైర్యం నాకు లేదు."

దాంతో ఆవిడ తనకు తోచింది అల్లేసేది. పక్కింటావిడ దగ్గర కోడలు కొన్నాళ్లు బాంబులు చేసింది, కొన్నాళ్లు జలాంతర్గామి నడిపింది. కోడలికి ఈత రాదని గుర్తొచ్చాక ఆ ఉద్యోగం మాన్పించేసింది.

ఒకసారి ప్రశ్నమ్మ తీరంలోని కాపలా కేంద్రం చూడటానికి వెళ్లింది. చల్లటి గది, గోడ పొడవునా రాడార్ తెరలు. ఒక తెర మీద చిన్న చుక్క మొలిచి, నెమ్మదిగా ఒడ్డు వైపు జరుగుతోంది. దాని ముందు కూర్చున్న అమ్మాయి కళ్లు విప్పార్చుకునే ఉంది కానీ చుక్కను చూసినట్టు లేదు. వెనక నుంచి అధికారి అరిచాక ఉలిక్కిపడింది. అది చేపల పడవ కాబట్టి బతికిపోయారు.

"ఒట్టండీ, కళ్లు మూయలేదు," అంది ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో.

నిజమే, మూయలేదు. తెరిచిన కళ్లతోనే కునుకు తీసింది.

ఆ ఏటి సమావేశంలో ప్రశ్నమ్మ తన ప్రతిపాదన పెట్టింది: కాపలా వాళ్ల నిద్ర మీద పరిశోధన. హాలంతా గొల్లుమంది.

"అవతలివాడు కొత్త విమానాలు కడుతుంటే మనం జోల పాడదామా?" అన్నాడు విమానాల విభాగం పెద్ద.

"ఉయ్యాలలు కూడా కావాలేమో కనుక్కోండి," అన్నాడు ఓడల విభాగం ఆయన.

భోజనాలయ్యాక మళ్లీ కూర్చున్నారు. ప్రశ్నమ్మ పట్టు వదల్లేదు. "మెలకువగా ఉన్నట్టే కనిపిస్తారు. గడ్డం కాస్త కిందికి దిగుతుంది. ఊపిరి బరువెక్కుతుంది..."

"గుర్ర్..." అంది అధ్యక్షుడి కుర్చీ.

అందులో ఉన్నది జనరల్‌గారు. ఆయన్ను చూసి నవ్వే మొనగాడు ఆ హాల్లో లేడు. విమానాల పెద్ద నీళ్ల గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ప్రశ్నమ్మకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. లేపితే కోపం, లేపకపోతే అభాసు. అలసిన ఆ ముఖం చూస్తే జాలి కూడా వేసింది. గొంతు తగ్గించి చెప్పుకుపోయింది.

"వింటున్నాను, కానివ్వండి," అన్నారు జనరల్‌గారు హఠాత్తుగా.

ఇక నవ్వు ఆపుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆయన అందరి వంకా చూసి, సంగతి గ్రహించి, "ఎంతసేపమ్మా?" అన్నారు.

"మీరు విన్నదానికంటే కాస్త ఎక్కువేనండీ."

జనరల్‌గారు పడీపడీ నవ్వారు. "కాపలా తెర ముందు నేను లేను, దేశం అదృష్టం!"

అలాగని మొదటి స్థానమేమీ దక్కలేదు. క్షిపణుల తర్వాత, రహస్య సంకేతాల తర్వాత నిద్రకు మూడో స్థానం. ఆ ఒక్కదాని పేరు మాత్రం బయట చెప్పుకోవచ్చన్నారు. సాయంత్రానికల్లా అత్తగారి పుణ్యమా అని వీధంతా తెలిసిపోయింది, ప్రశ్నమ్మ నిద్రపోతే సర్కారు జీతమిస్తోందని.

పరీక్షలకు మనుషులు కావాలనగానే ఆఫీసులో లెక్కల విభాగం మొత్తం కదిలొచ్చింది. ఇది పడుకునే పరీక్ష కాదు, తెర ముందు మేలుకునే పరీక్ష అని తెలిశాక సగం మంది అక్కడికక్కడే జారుకున్నారు. మిగిలినవాళ్లతోనే ప్రశ్నమ్మ పని మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండా తీరంలో ఒక్కొక్కరు తెర ముందు కూర్చునే వంతు సగానికి తగ్గింది, కునుకు పట్టేలోపే మనిషి మారేలా.