తీగ గుంజిన చెయ్యి

రాయదుర్గంలోని ఆ కంపెనీలో పెద్దన్న ఏడేళ్లు చేసిన పనిని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: తీగ పీకడం. నాలుగో అంతస్తు ల్యాబులో పది మిషన్లు, అంటే కంప్యూటర్లు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి కొత్త డ్రైవర్ మాడ్యూల్, అంటే తగిలించిన పరికరాన్ని నడిపే ప్రోగ్రాం, ఎక్కిస్తారు. అది పనిచేస్తుండగానే ఆ పరికరం తీగ పీకాలి. మిషన్ తట్టుకుంటే పాసు, బిగుసుకుపోయి స్క్రీను ఎర్రబడితే ఫెయిలు. ఇంజినీర్లు చెయ్యి ఊపేవారు, పెద్దన్న పీకేవాడు.

నిరుడు ఆ పని, కనెక్షన్‌ను దానంతట అదే తెంచే ఒక చిన్న స్విచ్చు పెట్టెకు అప్పజెప్పారు. రోజుకు రెండు వేల సార్లు, విసుగు లేకుండా. పెద్దన్నను కింద గేటు దగ్గర విజిటర్ల రిజిస్టరుకు వేశారు. జీతం తగ్గలేదు, కుర్చీ కూడా ఇచ్చారు.

"తీగ గుంజుడుకు గింత పరేషానా? కుర్చీ ఇచ్చిన్రు గదా, కూసో!" అనేది చంద్రమ్మ, అతని భార్య.

నిజమే. కానీ హఫీజ్‌పేట్ కిరాయి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అతనికి ఒక్కటే మెదిలేది: స్క్రీను ఎర్రబడగానే పదిమంది ఇంజినీర్లు కుర్చీల్లోంచి లేచి తనవైపు చూసే ఆ క్షణం. గేటు దగ్గర ఎవరూ అలా లేవరు.

మొన్న మంగళవారం వీరలక్ష్మి కిందికి వచ్చింది. ఆ టెస్టులు రాసేది ఆవిడే, తణుకు మనిషి.

"ఏంది మేడం, గిట్ల దిగిన్రు? లిఫ్టు పాడైందా?"

"లిఫ్టు కాదండీ, డ్రైవరు. తీగ తీస్తే కస్టమర్ దగ్గర మిషన్ పడిపోతోంది. ఇక్కడేమో రెండు వేల సార్లూ పాసే! మీరోసారి పైకొచ్చి పీకాలి."

పెద్దన్న రిజిస్టరు మూయడం కూడా మరిచిపోయాడు.

మూడోసారి పీకేసరికి మిషన్ బిగుసుకుపోయింది. పదిమందీ లేచారు.

అతని చేతిలో మహిమేమీ లేదు. సాకెట్టు బిగుతు కాబట్టి తీగను అటూ ఇటూ ఆడించి పీకుతాడు. ఆ ఆడింపులో కనెక్షన్ తెగి, అతుక్కుని, మళ్లీ తెగుతుంది. పెట్టె ఒక్క దెబ్బకు తెంచేస్తుంది. "నీటుగా పీకవయ్యా" అని ఏడేళ్లు తిట్లు తిన్న అలవాటే అది. కస్టమర్లూ అలాగే పీకుతారు మరి.

"ఇగ రోజూ రావాల్నా మేడం?" అనడిగాడు, గొంతులో ఆశ దాచుకోలేక.

 వీరలక్ష్మి రెండు రోజులు అతని చేత నాలుగొందల సార్లు పీకించింది. ప్రతి ఆడింపూ ఎంతసేపో కొలిచి, పెట్టె కూడా ఒక్కోసారి ఒక్కోలా తడబడుతూ తెంచేలా స్క్రిప్టు మార్చింది. గురువారం మధ్యాహ్నం పెట్టె తనంతట తనే మిషన్‌ను పడగొట్టింది. చప్పట్లు కొట్టారు. ఆ టెస్టుకు పెద్దన్న అని పేరు పెట్టారు. పేరు పెట్టడానికి ఖర్చేముంది?

"అచ్చం నా లెక్కనే గుంజుతుంది. ఇగ నేను కిందికే గద?"

"అవునండి," అంది వీరలక్ష్మి. ఆవిడకు అబద్ధం చేతకాదు.

"జర ఒక్కసారి గుంజి పోతా మేడం."

అవసరం లేదు. అయినా ఆవిడ పెట్టె ఆపింది. పెద్దన్న తీగను అటూ ఇటూ ఆడించి, పీకాడు. స్క్రీను ఎర్రబడింది. తలెత్తి చూశాడు. పదిమందీ కోడులో తప్పు వెతుకుతూ మునిగిపోయి ఉన్నారు.

తీగను మళ్లీ సాకెట్లో గట్టిగా నొక్కి, మెట్ల మీదుగా దిగాడు.